ఇరుసు మీద అరచేయి

ఆయన పోయాడని మొన్న ఆదివారం ప్రార్థన అయిపోయాక వాళ్ల చిన్నబిడ్డ వచ్చి చెప్పింది. "నిద్రలనే పోయిండమ్మా. బాధేం పడలే" అన్నది. ఆమె తల నిమిరి ఇంటికి వచ్చాను. కుర్చీలో కూర్చుంటే ముందుగా గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు. లారీ వెనక చక్రాల మధ్య నుంచి బయటికి చాచిన రెండు పాదాలు. దుమ్ము కొట్టుకుపోయి, వేళ్లు ఎడమెడంగా ఉండే పాదాలు. మా మిషన్ దవాఖానలో నేను నర్సుగా చేసిన రోజుల్లో ఆయన మా డ్రైవరు. ఆయన నిలబడి ఉండగా చూసిన దానికన్నా అట్లా లారీ కింద పడుకుని ఉండగా చూసిందే ఎక్కువ.

లారీ కిందికి దూరే ముందు బూట్లు విప్పేవాడు. నల్లటి తోలు బూట్లు, పొద్దున్నే తుడిచి మెరిపించినవి. వాటిని కింద పెట్టేవాడు కాదు. డ్రైవరు సీటు మీద పక్కపక్కన పెట్టి, అప్పుడు నేల మీద గోనెపట్టా పరుచుకునేవాడు. ఎవరైనా నవ్వితే మాత్రం ఊరుకునేవాడు కాదు.

"మా ఊళ్లె దొర గడీ ముందటికెల్లి పోయేటప్పుడు చెప్పులు చేతుల పట్టుకొని నడిచిన. గిప్పుడు నా బూట్లు సీటు మీద కూసుంటె ఎవరికేం కష్టం?"

వాళ్ల ఊరు నల్లగొండ జిల్లాలో, హుజూర్‌నగర్ దిక్కు. తండ్రి తోలుపని చేసేవాడు, బావుల మీద నీళ్లు తోడే మోటబొక్కెనలు కుట్టేవాడు. ఈయన రోడ్డు పనిలో కంకర కొట్టడానికి పోయి, అక్కడి లారీని చూసి, దాని వెంట పట్నం పోయి, ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని వచ్చాడు. నిజాం రాజ్యంలో తనంత డ్రైవరు ఇంకొకడు లేడని ఆయన నమ్మకం. ఆ మాట మా తెల్లదొరసాని డాక్టరమ్మతోనే చెప్పాడు. ఆమె తెలుగు అంతంతమాత్రం కాబట్టి నవ్వి ఊరుకుంది. మీసాలకు నూనె రాసేవాడు. దండకం చదివినట్టు కీర్తనలు పాడేవాడు, శ్రుతి ఆయన దారికి ఎప్పుడూ రాలేదు. సూదిమందు అంటే మాత్రం హడల్. టీకాలు వేసే రోజు దవాఖాన అంతా వెతికితే ఆ పాదాలు లారీ కింద కనిపించేవి.

ఆ లారీ ఎక్కడో చాలా ఊళ్లు తిరిగి మా దగ్గరికి వచ్చింది. దవాఖాన వాళ్లు కొన్నప్పుడు చప్పుడు లేకుండా మెత్తగా నడిచిందట. ఈయన కొలువులో చేరిన మొదటి వారంలోనే దాని వెనక ఇరుసు మధ్యలో ఉండే ఇనుప గుండుకు అడుగున ఉన్న బిరడా విప్పి, కారిన నూనెను అరచేతిలో పట్టి, వాసన చూసి, వేళ్ల మధ్య నలిపాడు. నేను ఆ పక్క నుంచే గాజుగుడ్డల బుట్ట తీసుకుని పోతున్నాను.

"సిస్టరమ్మా, గిటు చూడు. రంపపు పొట్టు."

"ఏంది?"

"పండ్ల చక్రాలు అరిగి బండి మొత్తుకుంటాంటె అమ్మేటోడు దీంట్ల రంపపు పొట్టు పోసిండు. చప్పుడు చేయకుండ దాని నోట్లె గుడ్డ కుక్కినట్టు. బండి చెప్తనే ఉంటది సిస్టరమ్మా, మనకే ఇనబుద్ధి గాదు."

ఆ తర్వాత నా బుట్టలోని గాజుగుడ్డ ముక్క ఒకటి అడగకుండానే తీసుకుని, ఆ నూనెను దాని మీద పూసి ఎండకు పట్టి చూశాడు. మెరిసే ఇనుప రజను ఉందేమోనని. అప్పటి నుంచి నా గాజుగుడ్డలు తగ్గిపోతూనే ఉండేవి.

ఎక్కడ బండి ఆగినా ఆయన చేసే పని ఒకటి ఉంది. ఇంజను దిక్కు తర్వాత చూసేవాడు. ముందు వెనక్కి పోయి, ఒక్కో చక్రం నడుమ అరచేయి ఆనించి, ఆ తర్వాత వంగి ఆ ఇనుప గుండు మీద పెట్టి కాసేపు ఉంచేవాడు. చేయి ఓర్చుకునేంత వేడి ఉంటే సరే. ఓర్చుకోలేకపోతే లోపల నూనె తగ్గిందో, బేరింగు బిగుసుకుందో అని అర్థం. జ్వరం రోగి నుదురు మీద మేం చేయి పెట్టినట్టే ఉండేది. గుండు పైన ఊపిరి పీల్చే చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుంటే లోపలి ఆవిరి పోయే దారి లేక నూనెను చక్రాల దిక్కు తోసేస్తుందని, రోజూ తుమ్మముల్లుతో దాన్ని గుచ్చి శుభ్రం చేసేవాడు. నూనె చక్రాలలోకి కారితే బ్రేకులు పట్టవు. కారకుండా ఇరుసు కొసలకు ఉండే తోలు బిళ్లలు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దొరకలేదు. ఆయన బర్రెతోలు తెచ్చి, తండ్రి కత్తితో గుండ్రంగా కోసి, నూనెలో నానబెట్టి, తనే తయారుచేశాడు.

"మా నాయిన కుట్టిన బొక్కెనల చుక్క నీళ్లు కారకపోయేది" అనేవాడు ఆ బిళ్లను వెలుతురుకు పట్టుకుని.

గేరు నూనె కూడా దొరకకపోయేసరికి ఆముదం పోయడం మొదలుపెట్టాడు. మా దిక్కు ఆముదానికి కరువు లేదు. అయితే ఒకసారి గానుగకు పోయే తీరిక లేక, దవాఖానలో రోగులకు తాగించే ఆముదం జాడీ ఎత్తుకుపోయాడు. డాక్టరమ్మ పిలిచి అడిగితే, "అమ్మా, రోగం వచ్చినోళ్లు రేపొద్దుగాల దాక ఆగుతరు. బండి ఆగది" అన్నాడు. ఆమె ఏమనుకుందో గానీ, మరునాటి నుంచి రెండు జాడీలు తెప్పించింది.

నాకు మాత్రం ఆయన మీద కోపం వచ్చిన రోజు ఒకటుంది. కడుపుతో ఉన్నవాళ్ల పొట్ట మీద ఆనించి బిడ్డ గుండె చప్పుడు వినే కర్రగొట్టం నా దగ్గర ఉండేది. ఒక మధ్యాహ్నం అది కనబడలేదు. వెతుక్కుంటూ పోతే మళ్లీ ఆ పాదాలే. వంగి చూస్తే, కంపౌండరు పైన కూర్చుని, జాకీల మీద లేపిన వెనక చక్రాలు తిరిగేట్టు ఇంజను నడుపుతున్నాడు, ఈయన నా గొట్టం ఒక కొస ఇరుసు గుండుకు, ఇంకో కొస చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"అన్నా, అది నాది."

"ఉష్. జర ఆగు. ఎడమ దిక్కు బేరింగు సన్నగ ఏడుస్తాంది."

దాన్ని సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా ఆముదం వాసన పోలేదు. కొత్త గొట్టం వచ్చేదాకా నేను అదే వాడాను. మా వార్డులో కడుపుతో ఉన్నవాళ్లు ఎవరూ ఏమీ అనలేదు.

నెలకోసారి మందుల పెట్టెలతో మన్ననూరు ఘాటు ఎక్కి అమ్రాబాద్ దిక్కు పోయేవాళ్లం. తిరిగొచ్చేటప్పుడు దారిలో నిలబడిన వాళ్లనందరినీ ఎక్కించుకునేవాడు. ఒక వానాకాలం, అచ్చంపేటకు ఇవతల నల్లరేగడి బురదలో ఎడమ వెనక చక్రం దిగబడింది. ఇంజను ఎంత అరిపించినా ఆ చక్రం ఒక్కటే గిర్రున తిరుగుతూ బురద చిమ్ముతోంది. గట్టినేల మీద ఉన్న కుడి చక్రం కదలడం లేదు. నాకు విచిత్రంగా తోచి అడిగాను.

"కుడిది మంచిగనే ఉన్నది కదన్నా, అది ఎందుకు గుంజదు?"

ఆయన అట్లాంటి ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు కిందికి దిగాడు. "కల్లంల వడ్లు రాలనీకి ఎడ్లతోని బంతి తొక్కిస్తరు చూడు. నడుమ గుంజ కాడున్న ఎద్దు కొంచెమే నడుస్తది, బయట ఎద్దు చానా నడుస్తది. మలుపు తిరిగేటప్పుడు లారీ చక్రాలు గూడ గంతే. రెండూ ఒక్కతీరుగ తిరిగితె మలుపుల బండి ఈడ్సుకపోతది, ఇరుసు ఇరుగుతది. అందుకే నడుమ గా గుండుల చిన్న పండ్ల చక్రాలు పెట్టిండ్రు. ఒకటి ఎక్కువ తిరిగితె ఇంకోటి తక్కువ తిరిగేతట్టు. మంచిదే. కాని దానికొక పిచ్చి గుణమున్నది. ఏ చక్రం సులువుగ తిరిగితె దాని దిక్కే ఉరుకుతది. బురదల చక్రం సులువుగ తిరుగుతాంది, బలమంత అటే పాయె."

"మరెట్లా?"

"తిరిగేదాన్ని తిరగకుంట చెయ్యాలె. బరువు పెట్టాలె."

చక్రం కింద రాళ్లు, తంగేడు కంప వేయించాడు. తర్వాత లారీలో ఉన్న వాళ్లనందరినీ ఎడమ వెనక మూలకు జరగమన్నాడు. కూలికి పోయి వస్తున్న ఆడవాళ్లు, గొర్రెల కాపరి, చిన్నపిల్లల తల్లులు వెంటనే జరిగారు. ముందు దిక్కు తన దుప్పటి పరుచుకుని విడిగా కూర్చున్న ఒక పట్వారి మాత్రం కదల్లేదు.

"నన్ను గీ మందిల కూసోమంటవా?" అన్నాడు.

"మీరు బరువున్న మనిషి దొరా. మీరు కూసుంటెనే చక్రం కూసుంటది. లేకుంటె పొద్దుగూకినదాక అందరం గిక్కడనే" అన్నాడు ఈయన చేతులు కట్టుకుని.

పట్వారి ఆకాశం దిక్కు చూశాడు. మబ్బు మళ్లీ కమ్ముతోంది. లేచి వచ్చి ఆ మూలలో, గొర్రెల కాపరికీ ఒక కూలి ముసలమ్మకూ మధ్య కూర్చున్నాడు. ఈయన బండి ఎక్కి, కాలిబ్రేకు కొద్దిగా అదిమిపట్టి, ఇంజనును అరిపించకుండా మెల్లగా కదిలించాడు. చక్రం రాళ్లను కరిచి పైకి వచ్చింది. గట్టినేల మీదికి వచ్చినా ఆపలేదు. చాలా దూరం పోయాక నేను వెనక నుంచి కిటికీలోకి తల పెట్టి, ఇంక ఎవరి జాగాలోకి వాళ్లను పోనియ్యవా అని అడిగాను.

"ఏం ఫికర్ లేదు సిస్టరమ్మా. ముందట ఇంకా బురదున్నది" అన్నాడు.

ముందట బురద లేదు. నాకు తెలుసు.

ఇట్లాంటి కథలు ఆయన పదిమందికీ చెప్పేవాడు, చెప్పిన ప్రతిసారీ బురద లోతు పెరిగేది. ఒక్క కథ మాత్రం అట్లా చెప్పలేదు. అది ఘాటు మీద జరిగింది.

యుద్ధం ఇంకా నడుస్తోంది. వానలు వెనకబట్టిన కాలం. మేం పైన మందులిచ్చే క్యాంపులో ఉండగా లింగయ్య అనే చెంచు యువకుడు అడవిలోంచి వచ్చి, తన భార్య ఈదమ్మకు ముందురోజు నుంచి నొప్పులని, బిడ్డ రావడం లేదని చెప్పాడు. వాళ్ల గూడేనికి నడిచి పోయాను. బిడ్డ అడ్డం తిరిగి ఉంది, ఒక చేయి బయటికి వచ్చింది. నా చేతిలో పని కాదు, డాక్టరమ్మ కత్తి పెట్టాల్సిందే. పొట్ట మీద గొట్టం పెట్టి ఎంతసేపు విన్నా బిడ్డ గుండె చప్పుడు వినిపించలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే తల్లి దారిలోనే ధైర్యం వదిలేస్తుందని భయం. గొంగడి జోలెలో ఆమెను రోడ్డు దాకా మోసుకొచ్చి లారీలో పడుకోబెట్టాం.

ఘాటు దిగడానికి ముందు ఒక ఎత్తు ఎక్కాలి. అక్కడ గేరు మార్చి బండిని గుంజించగానే వెనక నుంచి ఫట్ మని చప్పుడైంది. ఇంజను నడుస్తూనే ఉంది, లారీ మాత్రం వెనక్కి జారడం మొదలైంది. ఆయన కాలిబ్రేకు తొక్కిపట్టి, చేతిబ్రేకు గుంజాడు. అది గుంజినా చక్రాలను పట్టలేదు.

"రాళ్లు" అన్నాడు. గొంతు పెంచలేదు. "సిస్టరమ్మా, దిగి చక్రాల కింద రాళ్లు పెట్టు. నేను కాలు తియ్యలేను."

నేనూ లింగయ్యా దిగి, చేతికి అందిన రాయినల్లా చక్రాల వెనక పేర్చాం. ఆయన మెల్లగా కాలు తీశాడు. బండి నిలబడింది. అప్పుడు దిగి, బూట్లు విప్పకుండానే ఇరుసు కిందికి దూరాడు. అట్లా దూరడం నేను చూసింది ఆ ఒక్కసారే.

గుండులోంచి రెండు చక్రాలకూ రెండు ఇనుప కడ్డీలు పోతాయి. అందులో ఒకటి విరిగింది. విరిగిన వైపు పట్టు ఉండదు కాబట్టి గుండు బలమంతా అటే ఉత్తగా తిరిగిపోతుంది, రెండో చక్రం బాగున్నా బండి కదలదు. ఆ లారీలో చేతిబ్రేకు పట్టేది ఇంజను నుంచి వెనక్కి వచ్చే పొడుగు కడ్డీని. అందుకే అది కూడా పని చేయలేదు. ఆయన సీటు కింద గోనెలో చుట్టి పాత కడ్డీ ఒకటి దాచి ఉంచాడు. చక్రం ఊడదీసే పని కూడా లేదు. నడుమ ఉన్న నట్లు విప్పి, విరిగిన కడ్డీని గుంజి, దీన్ని దూర్చాలి. అయితే గుంజితే విరిగిన కడ్డీలో సగానికి కొంచెం పైగా మాత్రమే బయటికి వచ్చింది. మిగిలిన ముక్క లోపల, గుండు దగ్గర, చేయి పోని చోట ఇరుక్కుని ఉంది. అది రాకుండా ఇంకోటి దూరదు.

తీగకు ఉచ్చు వేసి గుంజాడు. జారింది. మళ్లీ వేశాడు. మళ్లీ జారింది. లారీ పైనుంచి ఈదమ్మ మూలుగు వినిపిస్తోంది. నేను ఆమె నోట్లో నీళ్లు పోస్తూ ఆయన దిక్కు చూస్తే, మీసాల మీద నుంచి చెమట కారుతోంది.

లింగయ్య వచ్చి, బయటికి వచ్చిన కడ్డీ విరిగిన కొసను చేత్తో పట్టి చూశాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి దాని లావు కొలిచాడు. "లోపలున్నది గూడ గింతేనా?" అని అడిగాడు.

"గింతే."

ఆ వేళ్లు అట్లాగే ఎత్తి పట్టుకుని, ఇంకో చేత కొడవలితో అడవిలోకి దిగిపోయాడు. పచ్చి వెదురుబొంగు ఒకటి నరికి తెచ్చాడు, లోపలి కణుపుల అడ్డాలు పొడిచి తీసేసింది. దాని బోలు ఆ కడ్డీ లావుకన్నా కొంచెం తక్కువ. ఆ బొంగును ఇరుసు గొట్టంలోకి పంపి, లోపలి ముక్క మీదికి ఎక్కేదాకా బయటి నుంచి రాయితో కొట్టాలన్నది అతని ఆలోచన. డ్రైవరు ఆ బొంగు దిక్కు, అతని దిక్కు చూశాడు. మరొక రోజైతే ఏదో ఒకటి అనేవాడే. ఆ రోజు పక్కకు జరిగి జాగా ఇచ్చాడు. ఒకరు పట్టుకుంటే ఒకరు కొట్టారు. బొంగు ముక్కను కరిచింది. ఇద్దరూ కలిసి మెలిపెడుతూ గుంజితే ఆముదం కారుతూ ఆ ఇనుపముక్క బొంగుతో పాటు బయటికి వచ్చింది.

దాచి ఉంచిన కడ్డీ పండ్లు లోపలి పండ్లలో కూర్చునేదాకా దాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పి, నట్లు బిగించి, మిగిలిన ఆముదం పోసి, బయల్దేరాం. లోపల ఇనుపరజను ఏదైనా పడి పండ్లు నలుగుతాయేమోనని భయపడుతూనే నడిపాడు. పొద్దు వాలేసరికి దవాఖాన చేరాం.

డాక్టరమ్మ ఈదమ్మను కాపాడింది. బిడ్డ దక్కలేదు.

నేను బయటికి వచ్చేసరికి ఆయన వరండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఆ విరిగిన ముక్క. నా ముఖం చూసే తెలుసుకున్నాడు. ముక్కను లాంతరు దిక్కు తిప్పి చూపించాడు.

"గీ అంచుకు నల్లగున్నది చూడు, అది పాత పగులు. నడుమ మెరిసేది ఇయ్యాల్టిది. అంటె ఎన్నడో పగిలింది. నాలుగు దినాల సంది బండి కదిలినప్పుడల్ల టక్కుమంటాంది. కమానుకట్టల నట్లు లూజైనయనుకున్న. వచ్చినంక చూద్దమనుకున్న." ముక్కను మెట్టు మీద పెట్టి, "అది చెప్పింది సిస్టరమ్మా. నేనే ఇనలే" అన్నాడు.

అప్పుడు చెప్పాను. గూడెంలోనే గొట్టం పెట్టి విన్నానని, అప్పటికే బిడ్డ గుండె ఆగిపోయిందని, ఆలస్యం వల్ల కాదని. ఆయన తల ఊపాడు. ఓదార్చడానికి అబద్ధం ఆడుతున్నాననుకున్నాడని నాకు అర్థమైంది. మరుసటి రోజు మళ్లీ చెప్పాను. "సరే సిస్టరమ్మా" అన్నాడు. అంతే.

ఈదమ్మ కోలుకుని నడిచేదాకా ఆయన లింగయ్యకు తన ఇంట్లోంచే సద్ది తెచ్చి పెట్టాడు. తర్వాత ఎక్కడ ఈ కథ వచ్చినా, "లింగయ్య బొంగు తేకపోతె తల్లి గూడ దక్కకపోయేది" అనేవాడు. తనను గురించి ఒక్క మాట కలిపేవాడు కాదు. ఏ చిన్న చప్పుడైనా ఆ రోజే గుండు విప్పేవాడు. డాక్టరమ్మ విసుక్కున్నా వినేవాడు కాదు. క్యాంపుకు పోయిన ప్రతి నెలా మందుల పెట్టెలు దించగానే చెంచుల ఆడవాళ్లను ఈదమ్మ సంగతి అడిగేవాడు.

యుద్ధం అయిపోయిన తర్వాతి ఏడు ఆమె మళ్లీ కడుపుతో ఉందని తెలిసింది. నెలలు నిండకముందే దవాఖానకు తీసుకొద్దామని నేను అనేలోగానే ఆయన లింగయ్యతో మాట్లాడి ఒప్పించాడు. ఆమె మా వరండాలో ఉండి, ఎండాకాలంలో ఆడపిల్లను కన్నది. సులువైన కాన్పు. పిల్ల ఏడుపు కిటికీలోంచి వినబడితే బయట లారీ కింద సుత్తి చప్పుడు ఆగింది, కాసేపటికి మళ్లీ మొదలైంది.

తల్లినీ బిడ్డనూ తీసుకుని ఘాటు ఎక్కిన రోజు లారీలో మన్ననూరు అంగడికి పోయే బేహారులు కూడా ఉన్నారు. ఆయన ఈదమ్మను ముందు సీటులో, నాకూ తనకూ మధ్య కూర్చోబెట్టాడు. ఎత్తు మొదలు కాకముందే ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఒళ్లో పిల్ల కూడా. అప్పటి నుంచి ఆయన బండిని మనిషి నడకకన్నా మెల్లగా నడిపాడు. గేరు మార్చిన చప్పుడు కూడా తెలియలేదు. గుంత వస్తే దాదాపు ఆపి, ఒక్కో చక్రాన్ని దింపి, ఒక్కోదాన్ని ఎక్కించాడు. వెనక నుంచి ఒక బేహారి వంగి అరిచాడు.

"ఏందయ్యా, నడుసుకుంట పోయినా గీపాటికి అంగడి చేరుదుము. బండి ఖరాబైందా?"

ఆయన తల వెనక్కి తిప్పకుండా, గొంతు తగ్గించి చెప్పాడు. "బండి మంచిగనే ఉన్నది. బాలింత పండుకున్నది. జర నిమ్మలంగ మాట్లాడుండ్రి."

పైన రోడ్డు పక్కన ఈదమ్మ గూడెం వాళ్లు ఎదురుచూస్తున్నారు. లింగయ్య ముందుకు వచ్చాడు. ఆయన బండిని కుదుపు లేకుండా ఆపి, తలుపు తెరవకుండా కిటికీలోంచే దిగి, చేత్తో సైగ చేసి లింగయ్యను ఆగమన్నాడు. బేహారులు గొణుక్కుంటూ తమ మూటలు దించుకుని నడిచిపోయారు. గూడెం వాళ్లు రోడ్డు మీదనే గొంతుకు కూర్చున్నారు. ఆయనా వాళ్ల పక్కన కూర్చున్నాడు. నేను కదిలితే ఆమె లేస్తుందని ఊపిరి కూడా మెల్లగా తీశాను. పిల్ల ఒకసారి పెదవులు చప్పరించి మళ్లీ పడుకుంది. ఎండ చెట్ల మీద నుంచి దిగిపోతున్నా ఎవరూ పిలవలేదు. ఆమె తనంతట తాను లేచేదాకా అందరం అట్లాగే ఉన్నాం.